దడుపు తీసే తాత

తాతకు భయంగా ఉందన్న సంగతి బయట ఎవరికీ తెలియకూడదని దస్తగిరి ఆరాటం.

కొండకింది దర్గాలో మౌలాలి తాతది ఒకటే పని, దడుపు తీయడం. నిద్రలో ఉలిక్కిపడే పిల్లల్ని, పిడుగు చూసి జడుసుకున్న పెద్దవాళ్లని ఆయన దగ్గరికే తీసుకొచ్చేవాళ్లు. నెమలీకల కట్టతో తల మీంచి భుజాల దాకా మెల్లగా నిమిరేవాడు. అంతే. చిన్నప్పుడు ఆ ఈకలు తగిలితే, వానకు ముందొచ్చే గాలి ఒంటికి తగిలినట్టుండేది దస్తగిరికి. ఆ గాలి కోసమే ఇల్లు వదిలి ఆయనకు శిష్యుడయ్యాడు.

ఇప్పుడు తాతకు గొంతులో క్యాన్సర్. మాట సన్నబడిపోయింది. ఊదొత్తి పొగలాగా కాస్త లేచి అక్కడే కరిగిపోతుంది. అందుకని వచ్చినవాళ్లతో దస్తగిరే మాట్లాడుతున్నాడు.

మొన్న ఆసుపత్రి నుంచి బస్సులో వస్తుంటే తాత అతని చెయ్యి పట్టుకుని, "భయంగా ఉందిరా" అన్నాడు. బస్సు కింద రోడ్డు లేనట్టయింది దస్తగిరికి. ఏం కాదు తాతా అని నవ్వేశాడు. అప్పట్నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. తాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం సుంకులమ్మ వచ్చింది. తలకు కొంగు బిగించి చుట్టుకుంది. దాని కింద జుట్టు లేదని తెలుస్తూనే ఉంది. వెంట వచ్చిన కొడుకు గడప బయట చెప్పుల దగ్గరే నిలబడిపోయాడు. రొమ్ములో గడ్డ అనీ, మందులు ఎక్కిస్తున్నారనీ చెప్పింది. ఇంట్లో అందరూ బాగానే చూసుకుంటారట. నోరు తెరిస్తే మాత్రం, అట్లాంటి మాటలొద్దు, ధైర్యంగా ఉండు అంటారట. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదట.

"మా తాతకూ ఇదే జబ్బు అక్కా," అన్నాడు దస్తగిరి. "చూడు, రవ్వంత భయం లేదు."

సుంకులమ్మ తాత వైపు చూసింది. ఆమె ముఖం ఇంకా చిన్నదైపోయింది.

"ఆయన పెద్దాయన. నేనే పిరికిదాన్ని."

తాత నెమలీకల కట్ట అందుకున్నాడు. ఆమె తల వంచింది. కానీ ఆయన కట్టను తిప్పి, పిడి ఆమె చేతికిచ్చాడు. తలపాగా తీసి పక్కన పెట్టి, తనే ఆమె ముందు తల వంచాడు.

"ముందు నాకు తియ్యి తల్లీ."

దస్తగిరి గబుక్కున లేచాడు. తీయాల్సింది నువ్వు కదా తాతా అన్నాడు.

"నువ్వు కూర్చో. నా భయాన్ని కూడా నువ్వే దాచిపెట్టుకుంటే నాకేం మిగుల్తాది?"

సుంకులమ్మ కట్ట ఎత్తింది. ఈకలు తాత నెరిసిన తలను తాకి, భుజాల మీదికి జారాయి.

"నీకు భయం ఎప్పుడొస్తాది?" కళ్లు మూసుకునే అడిగాడు తాత.

"దీపం పెట్టే యాళకు."

"నాకు నీళ్లు తాగేటప్పుడు. ఈ గుక్క దిగదేమో అని."

ఆమె చెయ్యి ఆగింది. "నాకు దువ్వెన కనబడినప్పుడు కూడా" అంది.

ఇక ఆమె మాటలు ఆగలేదు. ఏడ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పనివన్నీ చెప్పింది. తాత మధ్యలో తన తలపాగా ముందుకు జరిపి, ఆ కొంగు కంటే ఇదే నయం, పెట్టుకుని చూడమంటే ఏడుపులోనే నవ్వింది. ఆసుపత్రికి ఎప్పుడు పోవాలని అడిగాడు. ఇద్దరిదీ మంగళవారమే. బెంచీ మీద నా పక్కన చోటు పెట్టి ఉంచుతాలే అన్నాడు.

ఆమె గడప దాటాక, తినడానికి ఏమన్నా ఉందా అని కొడుకును అడగడం లోపలికి వినిపించింది.

దస్తగిరి కట్టను గోడ మేకుకు తగిలించబోయాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. వెనక్కి వచ్చి దాన్ని తాత ఒళ్లో పెట్టాడు. ఎదురుగా కూర్చుని తల వంచాడు. ముఖంలో నవ్వు లేదు.

"నీకూనా?" అన్నాడు తాత.