ఏకాదశినాడు పొగ

"తిండి దగ్గర అదుపు తప్పేవాళ్ళ గురించి జనం లోలోపల ఏమనుకుంటున్నారో కొలవడం ఎలా స్వామీ?" అని కూర్మనాథం అడిగినప్పుడు రంగదాసుగారు వెంటనే బదులు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. ప్రశ్న వినేవారు, "ఊఁ" అనేవారు, చేతిలో పని చూసుకునేవారు. జవాబు ఏనాటికో, ఏ మూలనుంచో వచ్చేది.

ఈ కూర్మనాథం ఎవరంటారా? పట్నంలో మనస్తత్వశాస్త్రం చదివి, నాగావళి ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమానికి వచ్చి మూడేళ్ళయినవాడు. వైశాఖంలో దీక్ష పుచ్చుకోవలసినవాడు. అతనికి ఎవరికీ చెప్పుకోని బాధ ఒకటుంది. మనలో మనం గనక చెబుతున్నాను. ఏకాదశినాడు పచ్చి మంచినీళ్ళయినా ముట్టడు. మనలా ఫలహారం పేరుతో ఉప్పుడుపిండి లాగించే రకం కాదు. నవ్వకండి తల్లీ, నన్నూ కలుపుకునే అంటున్నాను! కానీ ద్వాదశి పొద్దున పారణ అయ్యాక, అందరూ ఏటికి వెళ్ళిన సమయం చూసి, వంటశాల తలుపు వేసుకుని, మిగిలిన పులిహోర గిన్నె అడుగంటా తినేసేవాడు. రుచికి కాదు. కడుపు నొప్పి పుట్టేదాకా, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా. ఆ సిగ్గుతో రెండురోజులు పస్తు. పస్తు విడిచిన పూట మళ్ళీ అదే తలుపు, అదే గిన్నె. ఇంకొక్కసారి ఇలా జరిగితే దీక్షా వద్దు, ఆశ్రమమూ వద్దు, ఎటైనా వెళ్ళిపోతానని ఒట్టు పెట్టుకున్నాడు.

తనలాంటివాడు ఇంకొకడైనా ఉన్నాడేమో తెలుసుకోవాలని కాగితాల మీద ప్రశ్నలు రాశాడు. అవును, కాదు, కొంతవరకు. భోజనాలయ్యాక పంక్తిలోనే పంచి, పైన పేరు కూడా రాయమన్నాడు! పక్కవాడు తొంగిచూస్తుంటే నిజం ఎవరు రాస్తారండీ? 'మొదలుపెడితే ఆపుకోలేను' అన్నదానికి నలభైముగ్గురూ 'కాదు' అన్నారు. 'అలాంటివాడికి భక్తి లేనట్టే' అన్నదానికి నలభైముగ్గురూ 'అవును' అన్నారు. వడ్డన చూసే ఆండాళమ్మగారికి గళ్ళు చాలక అంచులో కూడా రాశారు: "మర్నాడు పస్తు పడుకోబెట్టాలి. బుద్ధొస్తుంది."

ఆ కాగితాలు తెచ్చి గురువుగారి ముందు పెట్టి అడిగిన ప్రశ్నే, మొదట నేను చెప్పింది. ఆయన ఒక్కొక్కటీ తిరగేసి, "మరి నీదేదీ?" అన్నారు.

"అడిగేవాడు రాయకూడదు స్వామీ. అది పద్ధతి."

"ఊఁ" అన్నారాయన.

ఏకాదశి వచ్చింది. ఆ ఆశ్రమంలో ఆ రోజు పొయ్యి రాజెయ్యరు. రంగదాసుగారికైతే నలభై ఏళ్ళుగా ఒక్క ఉపవాసం తప్పలేదు. మధ్యాహ్నం ఆయన పిలిచారని కూర్మనాథం వంటశాలకు వెళ్ళేసరికి పొయ్యి మండుతోంది. అన్నం దించి ఉంది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గురువుగారు రెండు ఆకులు వేస్తున్నారు.

"కూర్చో."

"స్వామీ, ఇవాళ..."

"తెలుసు. కూర్చో."

అన్నం, ఇంత పప్పు, మజ్జిగ. ముందు ఆయనే ముద్ద నోట పెట్టుకున్నారు. నలభై ఏళ్ళ వ్రతమమ్మా, ఒక్క ముద్దతో! తన సంగతి ఆయనకు ఎప్పుడో తెలుసని కూర్మనాథానికి అర్థమైంది. ఆకు ముందు కూర్చుని ముద్ద కలిపాడు. "మెల్లగా తిను. ఎవరూ తరమడం లేదు" అన్నారు గురువుగారు, అతని వంక చూడకుండానే.

పొగ చూసి ఆండాళమ్మగారు పరుగున వచ్చారు. గడపలో నిలబడేసరికి ముందు శిష్యుడే కంటబడ్డాడు.

"ఏమయ్యా కూర్మనాథం! ఊరందరికీ పరీక్షలు పెట్టి, ఒక్కపూట కడుపు కట్టుకోలేకపోయావూ? పైగా తలుపులు తీసుకుని మరీనా! ఆ ముఖంతోనేనా దీక్ష?"

అతను ఎంగిలిచెయ్యి అలాగే పట్టుకుని లేవబోయాడు. ఈ క్షణమే ఏరు దాటిపోవాలనిపించింది.

"ఆకలేసింది నాకమ్మా," అన్నారు తలుపు రెక్క చాటున ఉన్న గురువుగారు. "ఒక్కణ్ణీ తినలేక తోడు రమ్మన్నాను."

ఆవిడ లోపలికి తొంగిచూశారు. ఆయన ఆకు చూశారు, ఆ ఆకులో అన్నం చూశారు. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తరవాత గడపవంక చూస్తూ, ఇంతకుముందటి గొంతే కాదన్నట్టు, "నా కాగితం ఒకసారి ఇస్తావా నాయనా," అన్నారు. "ఆపుకోలేను అని ఉంది చూడు... దానికి కాదు అని రాశాను. అది... కొట్టుగదిలో ఒక్కోనాడు..."

కూర్మనాథం తలెత్తి ఆవిణ్ణి చూశాడు. మూడేళ్ళుగా తనకు ఈ వంటశాల, ఆవిడకు ఆ కొట్టుగది.

గురువుగారు కాస్త పక్కకు జరిగారు.

"కూర్చోండమ్మా," అన్నారు. "అన్నం ఇంకా ఉంది."