ఇంట్లో ఎండిన వడియాలు

ఏ రాజుగారి ఏలుబడిలో జరిగిందో నన్నడక్కండి. ఆ ఊళ్లో దివాణం పనివాళ్ల ఇళ్లకి దివాణమే తాటాకు కప్పించాలి. అచ్చియ్యమ్మ ఇంటికప్పు చివికిపోయింది. కూతురేమో పురిటికొచ్చింది. వానలు మొదలైతే కప్పడం కుదరదు.

ఆ తాటాకు మంజూరు చేసే పేష్కారు జోగిపంతులు మాత్రం వీధిలోంచే చూసి, "రాయిలా ఉంది. కారితే అప్పుడు రా," అనేశాడు.

దొరసానిగారి గుమ్మడి వడియాలు ఏటా ఎండబెట్టేది అచ్చియ్యమ్మే, వాటి పూచీ పంతులిది. ఈసారి వాటిని వాకిట్లో కాకుండా ఇంట్లోనే చాప మీద పెట్టింది.

ఒక మధ్యాహ్నం పంతులు వచ్చాడు. వాకిలి ఖాళీ.

"దొరసానిగారి వడియాలేవే?"

"లోపల ఎండుతున్నాయి బాబూ."

"ఇంట్లో ఎండడమేంటే, మతిపోయిందా?" అంటూ లోపలికి దూరాడు. చాప నిండా ఎండ మచ్చలు. ఒక వడియం విరిస్తే పుటుక్కుమంది.

"బయటైతే కాకుల గోల. ఇక్కడికి ఎండ ఒక్కటే వస్తుంది," అంది అచ్చియ్యమ్మ.

ఇంతలో మబ్బు కమ్మి ఉరిమింది. పంతులు చాప ఒక అంచు పట్టుకున్నాడు.

"తియ్యవే! తడిస్తే దొరసాని నా తోలు వలుస్తుంది!"

"ఇంట్లో ఉన్నవి ఎలా తడుస్తాయి బాబూ? కప్పు రాయిలా ఉందన్నారుగా!"

"రాయేమిటే, జల్లెడలా ఉంటేనూ!" పంతులి కేక వీధంతా వినబడింది.

"ఆ మాట దివాణంలో కూడా ఇంత గట్టిగా చెప్తానంటేనే తీస్తాను."

"చెప్తానే తల్లీ, ముందు తియ్యి!"

చాప చెరోవైపు పట్టుకుని పక్కింటి అరుగు మీదికి చేర్చారు.

ఆ మబ్బు చినుకైనా రాల్చకుండా పోయింది. తాటాకు బళ్లు మాత్రం సాయంత్రానికే అచ్చియ్యమ్మ వాకిట్లో ఆగాయి.