దొరగారి కూతురి బొమ్మ

గండికోనను ఏలే భూపతిదొరకు రత్తమ్మ ఒక్కతే కూతురు. పసితనంలోనే విషజ్వరంతో పోయింది. కోట గోడల మీద బొమ్మలు వేసే లింగోజి ఆ పిల్లను బాగా ఎరుగును. దొర అడగగానే ఆయన పడకగది గోడ మీద ఆమె రూపం గీశాడు.

పని చేయించుకుని కూలి ఎగ్గొట్టడం దొరకు అలవాటే. లింగోజి చెయ్యి చాచేసరికి ముఖం చిట్లించాడు.

"ఇది మా రత్తమ్మలాగే లేదు. ఎవరో పిల్లలా ఉంది. దీనికి కూలి కూడానా?"

లింగోజి ఇంట్లో గింజలు నిండుకున్నాయి. అయినా వాదించలేదు. ఒక గుడ్డను నీళ్ళలో ముంచి, పిండి, దొర చేతికిచ్చాడు.

"చిత్తం దొరా. ఎవరో పిల్ల బొమ్మ మీ గదిలో ఎందుకు? రంగులింకా పచ్చిగానే ఉన్నాయి. తుడిచెయ్యండి."

దొర విసురుగా గోడ దగ్గరికి వెళ్ళాడు. బొమ్మ చెంప దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుడ్డ జారిపోయింది. దొర అక్కడే కూలబడి, పిల్లవాడిలా ఏడ్చాడు.

కాసేపటికి తేరుకుని, కూలి మొత్తం తెప్పించి ఇచ్చాడు.

"నేను తుడిచేసి ఉంటే ఏం చేసేవాడివి?"

"బొమ్మ కుదరలేదని ఒప్పుకుని, వట్టి చేతులతో వెళ్ళేవాణ్ణి దొరా."

లింగోజి గుమ్మం దాటబోతుంటే దొర మళ్ళీ పిలిచాడు. ఈసారి గొంతులో అధికారం లేదు.

"నేనెప్పుడూ శిస్తులంటూ ఊళ్ళు పట్టుకు తిరిగాను. నువ్వు బొమ్మలేస్తుంటే అది నీ పక్కనే కూర్చునేదటగా. ఏం మాట్లాడేది లింగోజీ?"

లింగోజి రంగుల మూట కింద పెట్టాడు. దొర ఎదురుగా కూర్చుని, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.