డేగ వచ్చింది

స్పెయిన్ ఓడలు లంగరు వేసిన దీవుల్లో అదొకటి. చెరకు తోటలు, మొక్కజొన్న చేలు, వాటి నిండా కోళ్ళు. ఆ కోళ్ళకి తెలిసిన దొర మాత్రం మనిషి కాదు, పిల్లి. ఓడలో ఎలుకలు పట్టడానికి తెచ్చిన పిల్లులు ఒడ్డున దిగి, రాతికోటలో కాపురం పెట్టి, "మేం స్పెయిన్ రాజుగారి వాళ్ళం, ఇక ఈ దీవి మాది" అన్నాయి. ఏ రాజు అని అడిగిన పుంజు మర్నాడు కూయలేదు.

పిల్లులు రెండే చట్టాలు చేశాయి. కోటలో గంట మోగితే కోళ్ళన్నీ ముంగిట్లో గుమిగూడాలి. తల్లికోళ్ళు అపాయం చూసి పెట్టే పాత కేక ఇక ఎవరూ పెట్టకూడదు. ఆ కేక చెవిన పడితే పిల్లలు ఆలోచించకుండా ముళ్ళపొదల్లోకి దూరిపోయేవి, పిల్లులకి కూడు దొరికేది కాదు. అందుకని కేక పెట్టిన పెట్టల మెడలు కొరికాయి. కొంతకాలానికి కొరకాల్సిన పనే లేకపోయింది. తల్లులే నేర్పడం మానేశారు. గంటకి పరుగెత్తడం మాత్రం పెంకు పగలగొట్టుకుని వచ్చిన కూనకి కూడా వచ్చేసింది.

ఆ కేక విన్న పెట్ట దీవి మొత్తానికి ఒక్కతే మిగిలింది. ఆవిడ పింగళవ్వ. పసితనంలో తల్లి రెక్క కింద ఒక్కసారి విన్నది. అప్పటినుంచి దాన్ని రోజూ గొంతులోనే తిప్పుకునేది, చప్పుడు బయటికి రాకుండా. ఈ మధ్య ఒక్కోరోజు మొదలు దొరికి చివర జారిపోయేది. ఇంకోరోజు చివర ఉండి మొదలు పోయేది.

మనవరాలు సేతువ, తెల్లపెట్ట, అప్పుడే గుడ్లు పొదిగి పిల్లల్ని లేపింది. "అవ్వా, ఆ కేకేదో నాకు చెప్పి ఉంచరాదూ? నువ్వు మర్చిపోతే నేనైనా దాచుకుంటా."

"ఇప్పుడా? పిల్లికి ఒళ్ళంతా చెవులేనే తల్లీ. మంచిరోజులు రానీ."

మంచిరోజులు రావడానికి ముందు చెడ్డరోజు వచ్చింది. గండుదొర అని ముసలి గండుపిల్లి ఒకడు, ఆ కోటకి పెద్ద. గంటకి వచ్చిన సేతువ పిల్లల్లో ఒకదాన్ని తల్లి చూస్తుండగానే తిని, మూతి తుడుచుకుని, "ఆకలేం లేదు, ఊరికే" అన్నాడు. ఆ 'ఊరికే' అన్న మాట ఒక పుంజుకి తగిలింది. ఎర్ర ఈకల పుంజుల్ని డేగ అంటారు. వాడి పేరూ అదే. డేగ ఎగిరి కాలి ముల్లుతో గండుదొర కన్ను పొడిచాడు.

ఇక యుద్ధమే. చెరకు మోళ్ళ మధ్య ఈకలు దూదిపింజల్లా పేరుకున్నాయి. పుంజులు చచ్చిన చోట పెట్టలు నిలబడ్డాయి. చివరికి పిల్లులన్నీ కోటలో దూరి తలుపేసుకున్నాయి. లోపల తిండి లేదు, బయట కోళ్ళు కదల్లేదు.

"ఇంకెంత, కాయ పండింది, రాలడమే తరువాయి" అని డేగ మెడ ఎత్తుకు తిరిగాడు.

అప్పుడు ఇంకో దేశపు ఓడ ఒకటి వచ్చింది. దాని తెరచాప కొయ్య మీద ఒక పెద్ద పక్షి.

"భేష్ పుంజుగారూ! ఇంత చిన్న ముక్కులతో అంత పెద్ద దొరల్ని అరికట్టారు. నన్ను మామా అనండి చాలు. నేనూ ఒకప్పుడు ఒక దొర చేతికింద బతికినవాణ్ణే. తన్ని తరిమాను."

"మాకేం కావాలో తెలుసా మామా?" అన్నాడు డేగ.

"స్వతంత్రం. ఇంకేం కావాలి ఎవరికైనా?"

"మరి నీకు?"

"నాకా? పైనుంచి మీకు కాస్త నీడ పట్టడం. అంతే అల్లుడూ."

ఈ కబురు పింగళవ్వ చెవిన పడింది. గబగబా డేగ దగ్గరికి వచ్చింది. "వాడి ముక్కెలా ఉందిరా?"

"కొంకిలా ఉంది."

"గోళ్ళు?"

"అవీ కొంకులే."

"ఒరే నాయనా, అది డేగరా!"

కోళ్ళన్నీ విరగబడి నవ్వాయి. "నేనిక్కడే ఉన్నాను కదే అవ్వా!" అన్నాడు డేగ, రొమ్ము విరుచుకుని.

"నువ్వు కాదురా. అసలు డేగ ఆకాశంలో ఉంటుంది. దాని రంగు వచ్చిందనే ఎర్రపుంజులకి ఆ పేరు పెట్టారు. ఓడల ఫిరంగులకి బెదిరి అవి ఇటు రావడం మానేశాయి, మీరెవరూ ఎరగరు. మన కేక పుట్టిందే వాటి కోసం. పిల్లులకి తర్వాత వాడుకున్నాం."

"ఏదీ, ఆ కేక పెట్టు చూద్దాం. ఇప్పుడు కొరికే పిల్లి లేదుగా."

పింగళవ్వ మెడ చాచింది. ముక్కు తెరిచింది. గాలి వచ్చింది గానీ కేక రాలేదు. "నాలిక కొసనే ఉందిరా... ఉండు..." అంటూ అటూ ఇటూ తిరిగింది. సేతువ తల దించుకుంది.

"కోడిగుడ్డుకి ఈకలు పీకకు అవ్వా" అన్నాడు డేగ, కాస్త మెత్తగానే. "ముందు కోట పడనీ. ఆనక నీ కేకలన్నీ బడి పెట్టి నేర్పిద్దాం."

"ఇల్లు అలకగానే పండగ కాదురా."

"ముందు అలకనియ్యి మరి!"

కొత్త మామ సలహా చెప్పాడు. "పిల్లులకి పొగరెక్కువ. కోళ్ళకి లొంగమంటే చచ్చినా లొంగవు, నాకైతే లొంగుతాయి. నేను లోపలికి వెళ్తాను. మీరు అటు తిరిగి సముద్రం వైపు కాపలా కాయండి. ఇంకో ఓడ వస్తే ప్రమాదం."

కోళ్ళు కోటకి వీపు పెట్టి నిలబడ్డాయి.

లోపల గండుదొర ఒంటికన్నుతో మామని ఎగాదిగా చూశాడు. "కోళ్ళ చేతిలో ఓడానంటే మా దేశంలో తలెత్తుకోలేను. నువ్వు రెండు రెక్కలు కొట్టు, నేను రెండు అరుపులు అరుస్తా. నీకు ఓడిపోయానంటే అదో మర్యాద."

"సరే. కోళ్ళ సంగతి?"

"ఆ గంట నీకు వదిలేస్తా. మోగిస్తే చాలు, వాటంతట అవే వస్తాయి. తరాల తరబడి నేర్పాం, పాడు చేసుకోకు."

లోపల రెక్కల చప్పుడూ అరుపులూ వినిపించాయి. తర్వాత పిల్లులు తోకలు నిక్కబొడుచుకుని ఓడెక్కాయి. దెబ్బతిన్న ఆనవాలు ఒక్కదాని ఒంటి మీదా లేదు. కోళ్ళకి అది చూసే తీరిక లేదు, అవి కూతల్లో ఉన్నాయి.

డేగ కోట తలుపు పొడిచాడు. "మామా, తలుపు తియ్యి. కోట మాది."

"కాదన్నానా అల్లుడూ? లోపలికి రా, మాట్లాడుకుందాం."

డేగ లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. కాసేపటికి గంట మోగింది.

"మన గంట! ఇప్పుడది మన గంట!" అని కోళ్ళన్నీ ముంగిట్లోకి పరుగెత్తాయి. సేతువ పిల్లలు అందరికంటే ముందు. పింగళవ్వ నడవలేక పొద దగ్గరే ఆగిపోయింది. అందుకే ఆవిడ ఒక్కతే చూసింది. బురుజు మీదినుంచి ఏదో లేచింది. దాని నీడ ముంగిట్లో గుండ్రంగా తిరుగుతూ, తిరిగిన కొద్దీ ఆ చుట్టు చిన్నదవుతోంది.

పింగళవ్వ ముక్కు తెరిచింది. మొదలూ లేదు, చివరా లేదు. ఉన్న ఒక్క మాటా ప్రాణమంతా పెట్టి అరిచింది.

"డేగ! డేగ వచ్చింది! డేగ!"

ముంగిట్లో అందరూ విన్నారు. "మన డేగ వచ్చాడట! గెలిచి వచ్చాడట!" పొదల అంచున ఉన్న పిల్లలు కూడా ఎర్రపుంజుని చూడాలని బయలులోకి ఉరికాయి. మెడలెత్తి పైకి చూశాయి, ఎవరూ దాక్కోలేదు.

తర్వాత మామ గంట కొయ్య మీద వాలి, గోళ్ళు శుభ్రం చేసుకుంటూ అన్నాడు: "స్వతంత్రం మీకు ఇంకా చేతకాదు. నేనుండి నేర్పుతాను. గంట మోగినప్పుడు మాత్రం రండి."

సేతువ మిగిలిన ఒక్క పిల్లని ముందు తోలుకుంటూ పొద దగ్గరికి వచ్చింది. కోట మీదినుంచి ఒక ఎర్ర ఈక గాలికి తేలి వచ్చి ఇద్దరి మధ్యా పడింది.

అది చూడగానే పింగళవ్వ గొంతులోంచి, అడక్కుండానే, కేక వచ్చింది. "కిర్ర్‌ర్ర్... క్క్!" మొదలూ చివరా అంతా ఉంది. ఎన్నడూ వినని ఆ పిల్ల ఆలోచించకుండా ముళ్ళలోకి దూరిపోయింది.

"ఇదేనా అవ్వా?" అంది సేతువ.

"ఇదే తల్లీ. నువ్వూ అను. నాతోపాటు అను. నేను ఆపితే పోతుంది."

కోటలో మళ్ళీ గంట మోగింది. చచ్చినవి చావగా మిగిలిన కోళ్ళన్నీ తలలు వంచుకుని ముంగిట్లోకి నడిచాయి. ముళ్ళపొదలో మాత్రం రెండు గొంతులు, చప్పుడు బయటికి పోకుండా, ఒకే కేక అంటూ ఉన్నాయి.

పిల్లికి భయపడి మింగిన మాట, డేగ దిగినప్పుడు నోటికి రాదు.