అయిపోయిన తెలుగు

పలాసలో మాట ఆలస్యమైన పిల్లలకు వైద్యం చేసే అనసూయ గారికి, అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అందుకే ఆమె దగ్గర శిక్షణకు చేరిన ప్రమీల ఆ రోజు ప్రశ్న వేస్తూనే, తల్లిదండ్రులకు ఇవ్వాల్సిన సలహా కాగితం మీద రాసేయడం మొదలుపెట్టింది.

"ఈ బాబుకి మూడేళ్లు దాటినా పది మాటలు లేవండి. ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు. ఒక భాష మాన్పించేస్తే తేలికవుతుంది కదండీ?"

అనసూయ గారు ఆమె చేతిలోని పెన్ను తీసి పక్కన పెట్టారు. తాను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు జరిగింది చెప్పారు.

బసంతి ఒడియా ఆవిడ. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. భర్త తెలుగువాడు, లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు ఇంటి పట్టున ఉండడు. కూతురు మిలికి నాలుగేళ్లు, ఏవో నాలుగు మాటలు తప్ప పలికేది కాదు. "రేపు బడికి వెళ్లాల్సిన పిల్ల. ఇంట్లో తెలుగే మాట్లాడు, ఒడియా వద్దు" అని అనసూయ గారు గట్టిగా చెప్పారు. బసంతి సరేనని తల ఊపింది.

మూడు నెలలకు మిలి ఆ నాలుగు మాటలూ మానేసింది. తాను చెప్పినట్టు తల్లి చేయడం లేదేమోనని అనుమానం వచ్చి, అనసూయ గారు చెప్పకుండా వాళ్లింటికి వెళ్లారు.

బసంతి కూతురికి జడ వేస్తోంది. చిక్కు తీసి, పాయలు అల్లి, రిబ్బను కట్టేదాకా ఒక్క మాట లేదు. పిల్ల అద్దంలో తల్లి నోటికేసే చూస్తూ కూర్చుంది.

"పాపతో మాట్లాడవేం?"

బసంతి భయపడి, వచ్చీరాని తెలుగులో అంది: "ఒడియా మాట్లాడలేదు మేడమ్, ఒట్టు. రా, తిను, పడుకో... నాకు వచ్చిన తెలుగు అంతే. అయిపోయింది."

పక్కింటామె గుమ్మంలోంచి అంది: "ఇదివరకు ఈవిడ నోరు మూతపడేదే కాదండీ."

అనసూయ గారు అక్కడే నేల మీద కూర్చున్నారు. "తప్పు నాదమ్మా. నీ భాషలోనే మాట్లాడు" అన్నారు. "పాపకి ఏమీ కాదా?" అని బసంతి రెండుసార్లు అడిగింది. తర్వాత పిల్లను తనవైపు తిప్పుకుని మొదలుపెట్టింది. మధ్యలో నవ్వింది, ఏడ్చింది. అనసూయ గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ప్రమీల అడిగింది: "మరి పాపకి మాట వచ్చిందా అండీ?"

"వచ్చింది. రెండేళ్లు పట్టింది" అన్నారు అనసూయ గారు. "ముందు తల్లికి వచ్చింది."