పన్నెండో కుర్చీ

బ్రదర్ ప్రకాశానికి జర్మనీ వెళ్లాలని ఉంది. ఉందంటే అలా ఇలా కాదు. ఫాదర్ కావడానికి చదువుకుంటున్న కుర్రాళ్లలో ఒకరిని తమకు ఇమ్మని అక్కడి బిషప్ గారి దగ్గర్నుంచి కబురొచ్చిన రోజు మొదలు అతనికి వేరే ధ్యాస లేదు. అక్కడ చర్చిలున్నాయి, పూజ చెప్పే గురువులే కరువయ్యారు. వెళ్లినవాడు అక్కడే చదువు పూర్తిచేసి, అక్కడే గురువై, ఆ జనం మధ్యే ఉండిపోవాలి.

"ఉండిపోతాను" అనేవాడు ప్రకాశం, ఎవరు అడిగినా.

ఆ పట్టుదలకి కారణముంది. ఎర్రగుంటపాలెంలో చర్చి కట్టించి, పక్కనే బడి పెట్టించింది జర్మనీ నుంచి వచ్చిన ఎర్నెస్టు స్వామి. ఆయన సమాధి చర్చి వెనకే ఉంది. ఆ బడి హాస్టల్లో ఉండబట్టే ప్రకాశం వాళ్ల నాన్న నాలుగక్షరాలు నేర్చుకున్నాడు. "ఆయన అంత దూరం నుంచి మన కోసం వచ్చాడు. ఇవాళ వాళ్లకి మనిషి కావలసొస్తే మనం వెళ్లొద్దా?" అనేవాడు. అది పైపై మాట కాదు, కడుపులోంచి వచ్చేదే.

అయితే ఇక్కడి బిషప్ గారు ఆ భారం రాయప్ప ఫాదర్ మీద పెట్టారు. ఎర్రగుంటపాలెం చర్చి గురువు ఆయనే, పుట్టిందీ ఆ ఊళ్లోనే. ప్రకాశం ఏడాదిపాటు పని నేర్చుకోవడానికి వచ్చింది ఆయన దగ్గరికే. "కుర్రాణ్ని చూస్తున్నది మీరు. ఈస్టర్ నాటికి మీరు ఊఁ అంటే పంపుతాను, లేదంటే ఇంకొకరిని చూస్తాను" అన్నారు బిషప్ గారు.

రాయప్ప ఫాదర్ ఊఁ అనలేదు, ఊహూఁ అనీ అనలేదు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. మాటలు కూడా మందుబిళ్లల్లాగే లెక్కగా వాడతారు.

ఆయన మెప్పు కోసం ప్రకాశం పనిలో పడ్డాడు. తెల్లారకముందే చర్చి ఊడ్చేవాడు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చెప్పి, వాళ్ల పక్కలు కూడా దులిపి వచ్చేవాడు. ఒకసారి జ్వరమొస్తే ఎవరికీ చెప్పకుండా రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుని, పొద్దున్నే లేచి గంట కొట్టాడు. ఏ ఇంట్లోనూ మంచినీళ్లు ముట్టుకునేవాడు కాదు. పాపం పేదవాళ్లు, వాళ్లకెందుకు శ్రమ అనుకునేవాడు. ఎవరికీ బరువు కాకుండా బతుకుతున్నానని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఫాదర్, నాలో ఏం లోపముందో చెప్పండి. దిద్దుకుంటాను."

"కూర్చో" అన్నారు ఫాదర్, ఎదురుగా ఉన్న స్టూలు చూపించి.

"పర్వాలేదు ఫాదర్, నిలబడే వింటాను."

ఫాదర్ ఆ స్టూలు పక్కకి జరిపారు. "సరే, వెళ్లి పని చూసుకో" అన్నారు.

ప్రకాశం ఆ రోజు చర్చి కిటికీలన్నీ తుడిచాడు.

పవిత్ర గురువారం వచ్చింది. యేసు ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగిన రోజు. ఆ సాయంత్రం పూజలో గురువు పన్నెండు మందిని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి కాళ్లు కడుగుతారు. ఎర్రగుంటపాలెంలో ఆ పన్నెండు మందీ మధ్యాహ్నం నుంచే ఇళ్ల దగ్గర సబ్బుతో, పీచుతో పాదాలు తోముకుంటారు. ఫాదర్ గారు ముట్టుకునే కాళ్లాయె! నిజం చెప్పాలంటే ఆయన కడిగేవన్నీ కడిగిన కాళ్లే.

పూజకి ఇంకా గంట ఉందనగా మబ్బు కమ్మింది. ఊరి బయట కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. ఊరంతా టార్పాలిన్ పట్టాలు పట్టుకుని పరుగెత్తింది. అందరికంటే ముందు పరుగెత్తినవాడు ప్రకాశం. చెప్పులు నల్లరేగడిలో కూరుకుపోతే వదిలేసి, వానలో తడుస్తూ ఒక్కో కల్లం మీదా పట్టా లాగి అంచులకి రాళ్లు పెట్టాడు.

వాన తెరిపిచ్చాక ఆరోగ్యమ్మ బిందెతో మజ్జిగ తెచ్చింది. చర్చి పక్క వాడలో ఉంటుందామె. మొగుడు పోయాడు, కూలికి పోతుంది. అందరికీ పోసి ప్రకాశం దగ్గరికొచ్చింది.

"తాగు బ్రదరూ. గొంతెండిపోయుంటది."

"వద్దమ్మా, వాళ్లకి పొయ్యండి. నేను పని చెయ్యడానికొచ్చాను, చేయించుకోడానికి కాదు."

ఆరోగ్యమ్మ గ్లాసు వెనక్కి తీసుకుంది. "ఎప్పుడిచ్చినా ఇంతే" అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "మా ఇళ్లల్లో గ్లాసు నీ నోటికి ఆనదులే. తెలవక తెచ్చా."

ప్రకాశం ఒక అడుగు ముందుకేశాడు. అలా కాదమ్మా అనబోయాడు. అప్పటికే ఆమె బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది. చర్చి గంట మోగింది.

మళ్లీ వానొస్తుందేమోనని ఆఖరి పట్టా కూడా కప్పి అతను చర్చికి చేరేసరికి కాళ్లు కడుక్కునే వ్యవధి లేదు. తడి బట్టల మీదే తెల్ల అంగీ తొడుక్కుని లోపలికెళ్లాడు. కింద చీలమండల దాకా నల్లటి బురద. పీఠం ముందు పన్నెండు కుర్చీలు వేసి ఉన్నాయి. పదకొండింటిలో జనం కూర్చున్నారు. పదకొండో కుర్చీలో ఆరోగ్యమ్మ ఉంది, కడుక్కున్న కాళ్లతో. పన్నెండో మనిషి ఇంకా కల్లం దగ్గరే ఉండిపోయాడు.

రాయప్ప ఫాదర్ నడుముకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, ఖాళీ కుర్చీ చూశారు. తర్వాత ప్రకాశాన్ని చూశారు.

"బ్రదర్, కూర్చో."

"నేనా? నేను నీళ్లు పొయ్యాలి కదా ఫాదర్."

"మరియదాసు పోస్తాడు" అన్నారు ఫాదర్, పీఠం పక్కన నిలబడ్డ కుర్రాణ్ని చూపించి.

"కాళ్లనిండా బురద. ఒక్క నిమిషం, కడుక్కొచ్చేస్తాను."

"నువ్వే కడుక్కొస్తే ఇక నేనేం కడగను?" అన్నారు ఫాదర్.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రకాశం కూర్చున్నాడు. పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

ఫాదర్ ఒక్కొక్కరి కుడిపాదం మీద కాసిని నీళ్లు పోయించి, తుడిచి, ముద్దు పెట్టుకుంటూ వచ్చారు. తువ్వాలు తెల్లగానే ఉంది. పన్నెండో కుర్చీ దగ్గర మోకాళ్లు పట్టేస్తుంటే పళ్లు బిగబట్టి కింద కూర్చున్నారు. ప్రకాశం కుడిపాదం తనే బయటికి లాగారు. నీళ్లు నల్లగా పళ్లెంలోకి దిగాయి. వేళ్ల సందుల్లో మట్టి గట్టిగా పట్టుకుని ఉంది. ఆయన తొందరపడలేదు. బొటనవేలితో ఒక్కో సందూ తోమారు. "ఇంకో చెంబు" అన్నారు మరియదాసుతో.

చర్చిలో అందరూ చూస్తున్నారు. ప్రకాశానికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"చాలు ఫాదర్" అన్నాడు గొంతు తగ్గించి. "నావల్ల కావట్లేదు."

"ఏది?"

"మీరు వంగి కడుగుతుంటే నేను కూర్చోవడం."

ఫాదర్ తల ఎత్తలేదు. అతనికి మాత్రమే వినపడేట్టు అన్నారు. "ఎర్నెస్టు స్వామి ఈ ఊరొచ్చిన కొత్తలో చేత్తో అన్నం కలుపుకోవడం రాక సగం కడుపుతో లేచేవాడు. మా అమ్మ ముద్దలు చేసి చేతిలో పెట్టేది. పెట్టించుకుని తిన్నాడు. చర్చి ఆ తర్వాత కట్టాడు."

పాదం తుడిచారు. ముద్దు పెట్టుకున్నారు. ఆచారం ప్రకారం కుడిపాదంతో అయిపోయినట్టే. కానీ ఆయన లేవలేదు. మురికైన తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు.

ప్రకాశం పక్కకి చూశాడు. ఆరోగ్యమ్మ అతని బురద కాలినే చూస్తోంది. వద్దని తిప్పి పంపిన గ్లాసులన్నీ గుర్తొచ్చాయి అతనికి. కుర్చీ కింద దాచుకున్న ఎడమపాదం నెమ్మదిగా తనే ముందుకి చాపాడు.

కడగడం అయ్యాక ఫాదర్‌కి లేవడం కష్టమైంది. ప్రకాశం గబుక్కున లేవబోయాడు. ఆయన కంటితోనే ఆపి, పక్కకి చెయ్యి చాచారు.

"కాస్త లేపమ్మా, ఆరోగ్యమ్మా."

ఆమె రెండు చేతులా పట్టుకుని లేపింది.

పూజ అయ్యాక ప్రకాశం తిన్నగా ఆరోగ్యమ్మ ఇంటికెళ్లాడు. గడప ముందు అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఆకలేస్తోంది. ఏమన్నా ఉందా?"

ఆమె నమ్మనట్టు చూసింది. "పచ్చిపులుసుంది బ్రదరూ. మరి తింటావా?"

"పెట్టండి."

తిన్నాడు. మారడిగాడు. అలవాటుకొద్దీ కంచం తీసుకుని లేవబోతే ఆమె చెయ్యి చాచింది. కాసేపు తటపటాయించి, కంచం ఆమె చేతికిచ్చాడు. ఆరోగ్యమ్మ మొహం విప్పారింది.

ఈస్టర్ నాడు పొద్దున్న బిషప్ గారు ఫోన్ చేశారు. ప్రకాశం బయట వరండాలో ఆరోగ్యమ్మ తెచ్చిన కాఫీ తాగుతున్నాడు. లోపల్నుంచి మాటలు వినపడుతుంటే గ్లాసు చేతిలోనే ఆగిపోయింది. జర్మనీ మీద ఆశ చచ్చిపోలేదు. అంతకంతకూ పెరిగింది.

రాయప్ప ఫాదర్ కిటికీలోంచి అతన్ని ఓసారి చూశారు.

"పంపండి బిషప్ గారూ" అన్నారు ఫోన్లో. "కుర్రాడికి కూర్చోవడం వచ్చింది."