మంచులో జేగంట

నాగబోధి కొండమీది విహారానికి వచ్చింది జేగంట కొట్టడానికి కాదు.

ఇంటి దగ్గర ఉన్నప్పుడు తండ్రి పత్తి వ్యాపారం నేర్పబోయాడు. మనసు పట్టలేదు. మేనమామ దగ్గర వైద్యం మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. ఎక్కడో తన కోసమే పుట్టిన పని ఒకటుందనీ, ఎదురైన రోజున అది తనను పేరు పెట్టి పిలుస్తుందనీ అతని నమ్మకం. ఆ పిలుపు వెతుక్కుంటూనే తల గొరిగించుకుని, కాషాయం కట్టి, సముద్రపు ఒడ్డున ఉన్న ఆ చిన్న విహారానికి చేరాడు.

అక్కడి భిక్షువులందరికీ పెద్ద రేవత స్థవిరుడు. ముసలివాడు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కొత్త శిష్యుణ్ణి కొండకొమ్ముకి తీసుకెళ్లి, రాతి స్తంభాల మధ్య వేలాడుతున్న కంచు జేగంటను చూపించి, చేతికి కొయ్య కొడతి ఇచ్చాడు.

“మంచు పడితే కొట్టు. విడిచేదాకా ఆపకు.”

అంతే.

చలికాలం వచ్చిందంటే ఆ తీరాన పొద్దున్నే మంచు కమ్మేసేది. సముద్రం ఉండేది కాదు, ఆకాశం ఉండేది కాదు. చాచిన చెయ్యి కూడా సరిగా కనపడేది కాదు. ఆ తెల్లదనంలోకి నాగబోధి కొడుతూ ఉండేవాడు. ఒక చిన్న దెబ్బ, వెంటనే ఒక పెద్ద దెబ్బ. ఎందుకో అతని చేతికి అలా అలవాటైపోయింది.

మంచు విడిచేసరికి కింద, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవలు ఒడ్డుకి లాగేసి ఉండేవి. జాలరులు ఇళ్లకి పోయి ఉండేవారు. ఒక్కడైనా తలెత్తి కొండవైపు చూసిన పాపాన పోలేదు.

విహారంలో ఒక భిక్షువు సూత్రాలు చెబుతుంటే జనం కళ్లు తుడుచుకునేవారు. ఇంకొక భిక్షువు దగ్గరికి మోసుకొచ్చిన రోగి నడిచి వెళ్లేవాడు. నాగబోధి వాళ్లను చూస్తూ నిలబడిపోయేవాడు. అసూయ కాదు. ఆకలితో ఉన్నవాడు పక్కింటి వంట వాసన పీల్చినట్టు ఉండేది.

అలా కొన్ని చలికాలాలు గడిచాయి. ఒక సాయంత్రం ఉండబట్టలేక గురువు దగ్గరికి వెళ్లాడు.

“భంతే, నేను కొట్టేది ఎవరి కోసం?”

“వినేవాళ్ల కోసం.”

“వింటున్నారా?”

“నాకేం తెలుసు? నేనూ కొండమీదే ఉంటాను కదా.”

“నా పని ఇది కాదు భంతే. వేరే ఎక్కడో ఉంది. దక్షిణాన పెద్ద విహారం ఉందట. వెళ్లనివ్వండి.”

వద్దంటాడేమో అనుకున్నాడు. వద్దనాలని లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది.

“రేపు పొద్దున్నే ఎర్రన్న పడవ దక్షిణానికి వెళ్తుంది. అందులో వెళ్లు,” అన్నాడు స్థవిరుడు.

తెల్లారుతుండగా నాగబోధి కొండ దిగాడు. ఇకనుంచి జేగంట ఎవరు కొడతారో గురువు చెప్పలేదు. ఇతనూ అడగలేదు.

ఎర్రన్న నడివయసు జాలరి. భిక్షువును చూసి దణ్ణం పెట్టి, పడవ నడుమ కూర్చోబెట్టి, మొగ దాటించాడు. అప్పటికి తెరిపిగానే ఉంది. నాగబోధి ఒక్కసారి వెనక్కి తిరిగి కొండను చూశాడు. మళ్లీ చూసేసరికి కొండ లేదు.

మంచు దిగింది.

కాసేపట్లో పడవ ముందుభాగం కూడా మాయమైంది. ఎటువైపో రాళ్ల మీద అల విరిగిన చప్పుడు. అది కుడివైపో ఎడమవైపో తెలియడం లేదు. ఎర్రన్న తెడ్డు పైకి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఎందుకాపావు?” అన్నాడు నాగబోధి.

“రాళ్లు దగ్గర్లోనే ఉన్నాయి సామీ. ఎటేసినా ముప్పే. ఉండండి, కొండమీద బాబు కొడతారు.”

“ఎవరు?”

“ఎవరో తెలదు సామీ. ఎప్పుడూ సూడనేదు. మంచు పడితే మాత్రం ఊరుకోరు. పోయినేడు మా తమ్ముడు ఆ సప్పుడు పట్టుకునే ఒడ్డుకొచ్చాడు. నేపోతే మాకు దక్కేవోడు కాడు.”

నాగబోధి కొండ కోసం మంచులోకి చూశాడు.

ఆ ‘బాబు’ కొండమీద లేడని ఈ సముద్రం మీద తెలిసినవాడు తనొక్కడే. ఎర్రన్న ఏ భయమూ లేకుండా చెవి ఒగ్గి కూర్చున్నాడు. దూరంగా మంచులోంచి ఎవరో కేక వేశారు. ఇంకోవైపు నుంచి ఇంకో గొంతు బదులిచ్చింది. వేరే పడవలు కూడా ఉన్నాయి. అన్నీ తెడ్లు ఎత్తేసి ఎదురుచూస్తున్నాయి.

పడవను నీరు తన దారిన లాక్కుపోతోంది. అల విరిగే చప్పుడు పెరిగింది. నాగబోధి పడవ అంచును గట్టిగా పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను దేని కోసమూ అంతగా తపించలేదు. ఒక్క దెబ్బ. కంచు మీద కొయ్య పడిన ఒక్క చప్పుడు.

అప్పుడు వినిపించింది.

బలం లేని దెబ్బ. చాలాసేపు ఆగి ఇంకొకటి. ఆ తర్వాత రెండు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, చెయ్యి జారినట్టు.

ఎర్రన్న తెడ్డు నీళ్లలో వేసి ఆ చప్పుడు వైపు పడవ తిప్పాడు. కానీ మొహం ముడుచుకుంది.

“ఇది ఆరి చెయ్యి కాదు,” అన్నాడు.

“నీకెలా తెలుసు?”

“తెలదా సామీ? ముందో సిన్న దెబ్బ, ఎనకాలే పెద్దది. మా ఇంట్లో పసిపిల్లలు కూడా పళ్లేల మీద అలాగే వాయిస్తారు.” తెడ్డు వేస్తూ ఒక్కక్షణం ఆగాడు. “ఆరికి ఒంట్లో బావునేదేమో, పాపం.”

నాగబోధి మొహం నీళ్లవైపు తిప్పుకున్నాడు.

ఒడ్డు తగలగానే దూకేశాడు. “సామీ, మూట!” అని ఎర్రన్న వెనక నుంచి అరుస్తున్నాడు. ఆగలేదు. మంచులోనే కొండ ఎక్కాడు, రాళ్లు తన్నుకుంటూ, ఒకచోట మోకాళ్ల మీద పడి లేచి. పైన దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతూ ఉంది.

స్థవిరుడు కొడతిని రెండు చేతులతో ఎత్తుతున్నాడు. దెబ్బ వేశాక భుజం స్తంభానికి ఆనించి ఊపిరి తీసుకుంటున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. శిష్యుణ్ణి చూసి ఎందుకు వచ్చావని అడగలేదు.

“ఇంకా సముద్రం మీద ఎవరైనా ఉన్నారా?” అన్నాడు.

“ఉన్నారు భంతే.”

ముసలాయన కొడతి అతని చేతికిచ్చి, అక్కడే బండమీద కూలబడ్డాడు.

“మంచు విడిచాక ఎర్రన్న మళ్లీ బయలుదేరతాడు,” అన్నాడు.

నాగబోధి ఆ మాట విన్నాడో లేదో. అప్పటికే కొడతి ఎత్తాడు.